దొర్సాని మోపు

గీ రాజీ ఎవలికి కావాల్నని అడిగిండ్రు సాయవ్వా? నన్నడిగిండ్రా? దొర గడిల నీళ్లు చేదేది నేను, కట్టెలు తెచ్చేది నేను, బోళ్లు తోమేది నేను. ఏడాదిన్నర సంది ఊరు మా గడికి మాట, పని అన్ని బందు వెట్టిందంటే, ఆ బందు నడిచింది నా నెత్తి మీదికెళ్లి. గిప్పుడు రేపు పొద్దుగాల బడి కాడ కూసుంటరట, రాజీ అయితదట. నాకు ఎవలన్న చెప్పిండ్రా అంటే, ఎవ్వలు చెప్పలే. మా ఆయన జగిత్యాల వకీలుతోటి మాట్లాడుతుంటే తలుపు సాటుకు నిలవడి ఇన్న.

లేవకు, లేవకు. చాప ఏం వద్దు, గిట్ల కింద్నే కూసుంట. నువ్వు బీడీలు చుట్టుకో, నీ పని ఆగొద్దు. నీ పెనిమిటి దేవయ్య ఇంట్ల లేడు గదా? చేనుకు పోయిండా. మంచిగైంది. కూలీల సంఘం పెద్ద ఇంటికి గడి దొర్సాని అచ్చిందంటే ఆయనకే మాటొస్తది. గందుకే దొడ్డి తోవల అచ్చిన. నీ కోళ్లు నన్ను చూసి బెదిరినయి, ఇంకెవలు చూడలే.

నువ్వు మాట్లాడకు. గడోళ్లతోటి మాట్లాడితే జుర్మానా అని మీ సంఘం కట్టడి ఉన్నది. బందు ఇంక ఎత్తలే. నా మూలంగ నువ్వు జుర్మానా కట్టుడెందుకు? నేను చెప్త, నువ్వు ఇను. తలకాయ ఊపు, సాలు. ఏడాదిన్నర మనం గట్లనే గడిపినం, ఇంకో గడియ గడుపుదాం.

ఇగ అసలు ముచ్చట. రేపు రాజీ కానియ్యకుండ్రి. దేవయ్యకు నువ్వు చెప్పు. ఇంకో పదిహేను రోజులు బందు ఉంచుండ్రి. ఆ తర్వాత ఎత్తేసుకోండ్రి, డప్పులు కొట్టుకోండ్రి, యాటను కోసుకోండ్రి, నేను అడ్డం రాను. అప్పటికి నేను రైల్ల ఉంట.

ఎందుకు నవ్వుతున్నవ్? ఏ ఊర్లెనన్న దొరలు బందు ఎత్తుమని బతిమాలుతరు, గీమె ఉంచుమని బతిమాలుతందేందనే గదా? నవ్వు. నాకూ నవ్వే అస్తంది. నిన్నటి సంది ఏడువాల్సిన కాడల్ల నవ్వే అస్తంది, మా ఆయన నాకు గాలి సోకిందనుకుంటున్నడు.

మంచుకొండలు ఎక్కపోతున్న సాయవ్వా.

గట్ల చూడకు, నిజంగనే. ఢిల్లీల ఒక ట్రస్టు ఉన్నది. కొండలెక్కెటోళ్లకు గ్రాంటు ఇస్తది. గ్రాంటంటే అప్పు కాదు. తిరిగి ఇచ్చుడు లేదు, వడ్లకు నాగు లేదు, పైసకు వడ్డి లేదు, తాకట్టు లేదు. మా మామ బతికుంటే గిసుంటి పైస లోకంల ఉన్నదంటే నమ్మకపోవు. దేశం మొత్తం మీద పదిమంది ఆడోళ్లను ఏరుకున్నరు. అందుల నేనొకదాన్ని. నేను, చంద్రకళను, ముస్తాబాదు బిడ్డను, గోలెంల నీళ్లు ఎక్కడికెళ్లి అస్తయో తెల్వకుండ పద్నాలుగేండ్లు బతికినదాన్ని.

బందు వెట్టిన తొల్తనాడు యాదికున్నదా నీకు? జీతగాళ్లు పోయిండ్రు. చాకలి రాలే, మంగలి రాలే. నువ్వు చీపురు దర్వాజ కాడ నిలవెట్టి, మల్లి చూడకుండ పోయినవ్. మా ఆయన మీసం దువ్వుకుంట అన్నడు, రెండు రోజులల్ల కాళ్ల మీద వడతరని. మూడోనాడు గోలెం ఖాళీ అయింది. ఆయన గోలెంల తొంగిచూసిండు, నా మొకం చూసిండు. ఆయన పోతే దొర బాయి కాడికి పోయిండంటరు. నేను పోతే ఏమంటరు? ఆడదే గదా పోయింది అంటరు. గట్ల పరువు ఆయన కాడ వెట్టుకొని బొక్కెన నా చేతికిచ్చిండు.

పెండ్లయినంక నేను దర్వాజ దాటింది పర్దా కట్టిన బండ్లెనే. ఆనాడు నడిచి దాటిన. బాయి కాడ మీరంత ఆగిపోయిండ్రు. నేను బొక్కెన బాయిలకు ఇడిసిన. చేంతాడు కొస పట్టుకోవాలెనని నాకెవలు చెప్పిండ్రు? బొక్కెన పోయింది, దాని వెంబడి తాడు పోయింది, గట్టు మీద నేనొక్కదాన్ని మిగిలిన. అంతమంది ఆడోళ్లుండి ఒక్కలు నవ్వలే. అప్పుడు ఎర్కైంది నాకు, మీ కట్టడి ఎంత గట్టిదో. నవ్వినా జుర్మానా ఉన్నదేమో అనుకున్న.

నువ్వే గదా గాలం ఏసి బొక్కెన తీసింది. తీసి నా కాళ్ల కాడ వెట్టినవ్. మాట లేదు, చూపు లేదు. తెల్లారి పోయేసరికి గట్టు మీద పాత చీరె పేలికతోటి చుట్టిన సుట్టబట్ట ఉన్నది. ఎవలిదని అడుగుదామంటే ఎవలు పలుకుతరు? నెత్తి మీద వెట్టుకున్న. సరిగ్గ సరిపోయింది. ఇప్పటికీ అదే వాడుతున్న.

నీళ్లు అలవాటైనయి. ఇగ కట్టెలు. మన బోడగుట్టను బోడి చేసింది మా మామనే, చెట్లన్ని కంట్రాక్టరుకు అమ్ముకున్నడు. ఇవతల దిక్కు పుల్ల దొరకదు. నువ్వు పోతుంటే నీ ఎనుక ఒక ముప్పై అడుగుల దూరంల నేను నడిచిన. నువ్వు ఏ రాయి మీద కాలు వెడితే నేను ఆ రాయి మీదనే వెట్టిన. నువ్వు ఎనుకకు తిరగలే గని, నేను ఆగినకాడల్ల నువ్వూ ఆగినవ్. ముల్లు తీసుకుంటున్నట్టు వంగేదానివి. అన్ని ముండ్లు ఎవలికి గుచ్చుకుంటయి సాయవ్వా? నాకు తెల్వదనుకున్నవా?

మీదికి పోయి చూసిన. ఎంత చెప్పినా గది చెప్పరాదు. పద్నాలుగేండ్లు ఈ ఊర్లె ఉండి ఊరు మొత్తం నేను ఆనాడే చూసిన. గొల్లపల్లి తోవ, చెరువు, పొలాలు, మీ వాడ, అందరి ఇండ్లు. నడిమిట్ల మా గడి. గింతంత ఉన్నది, అగ్గిపెట్టె అంత. గంతదానికా నేను ఇన్నేండ్లు భయపడింది అనుకున్న. నవ్వు అచ్చింది. గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకోలే. సంతోషమంటే ఏందో నాకు ముప్పై రెండేండ్లకు ఎర్కైంది, చేతులకు ముండ్లు గుచ్చుకొని, కాళ్లు బొబ్బలెక్కి.

ఇగ ఆగుతనా? కట్టెలున్నా పోయిన, లేకున్నా పోయిన. కొట్టం నిండిపోయింది. మా ఆయన అడిగిండు, గిన్ని కట్టెలెందుకే అని. సలికాలం అస్తంది గదా అన్న. అప్పటికింక ఎండకాలం సుత రాలే.

ప్రమీల అని నా దోస్తు. హైదరాబాదు హాస్టల్ల నాతోటి చదువుకున్నది, ఇప్పుడు ఢిల్లీల నౌకరి చేస్తది. మా గడికి బందు వెట్టిండ్రని ఎవలో చెప్తే, నన్ను ఓదారుద్దామని పోయిన దీపావళి ముంగట అచ్చింది. నేను కట్టెల మోపు ఎత్తుకొని గుట్ట దిగుతున్న. ఆమె నన్ను చూసి ఏడుపు మొదలువెట్టింది. నేనన్న, ఏడుపు తర్వాత, ముందుగాల మీదికి రా, ఒకటి చూపెడ్త అని. ఆమె ఢిల్లీల ఏదో కొండల సంఘంల ఉన్నదట, బూట్లు గూడ తెచ్చుకున్నది. నడిమిట్ల కూలవడ్డది. నేను మోపుతోటే నిలవడి ఉన్న. నన్ను కిందికెళ్లి మీదికి చూసి, "చంద్రా, నిన్ను చూడాల్సినోళ్లు వేరే ఉన్నరు" అన్నది.

గట్ల ట్రస్టు సంగతి తెలిసింది. వాళ్ల కట్టడి ఇను, నీకు నచ్చుతది. మొదటిది, ఎవలి బరువు వాళ్లే మొయ్యాలె. ఇదివరకు ఆ కొండల కింద ఉండే పేదోళ్ల నెత్తిన వెట్టి దొరబాబులు ఉత్త చేతులతోటి ఎక్కెటోళ్లట. అది బందు వెట్టిండ్రు. అక్కడ గూడ వెట్టి బందే సాయవ్వా, మీ సంఘం అక్కడిదాంక పోయిందా ఏంది?

ఇంకోటి, కట్టె పుల్ల ముట్టద్దు. ఆ సలికి అక్కడి చెట్లు నూరేండ్లకు మోకాలెత్తు పెరుగుతయట. ఎక్కినోళ్లంత నరికి మంట వెట్టుకొని కొండను మన బోడగుట్ట లెక్క చేసిండ్రు. గందుకే గ్యాసునూనె పొయ్యి మోసుకపోవాలె. మునుపటోళ్లు పారేసిన డబ్బలు, సీసలు, చినిగిన డేరాలు అన్ని ఏరి మూటగట్టి కిందికి తేవాలె. ఎక్కుడు సగం పని, ఊడ్సుడు సగం పని. గ్రాంటు ఇచ్చేది అందుకే.

అవును. ఊడ్సెతందుకే పిలుస్తున్నరు నన్ను. పద్నాలుగేండ్లు నా వాకిలి నువ్వు ఊడ్చినవ్, నేను పోయి శివుని వాకిలి ఊడుస్త. నవ్వకు, బీడీలు ఇప్పుకపోతున్నయి.

ఊరికెనే ఇయ్యరు గదా, పరీక్ష ఉంటది. మిలట్రీ దవఖానల చేసి దిగిన ఒక డాక్టర్ మేడం పరీక్ష వెట్టాలె. హైదరాబాదు రమ్మన్నరు. నేనెట్ల పోత? మా ఆయనకు ఏమని చెప్పుదు? ప్రమీల తెలివిగల్లది. మేడంనే కొండగట్టుకు తీసుకచ్చింది. అంజన్నకు మొక్కున్నదంటే ఏ మొగడు వద్దంటడు? రోడ్డుదాంక నడిచి, జగిత్యాలల బస్సు మారి పోయిన. భుజాన సంచి. అమ్మగారింటికి పోయినప్పుడు సిరిసిల్లల దొడ్డుబట్ట తీసుకొని నేనే కుట్టుకున్న సంచి.

ఆనాడు మంగళవారం. జనం చీమల పుట్ట. మేడం మెట్ల కింద నా సంచిల రాళ్లు నింపింది, చేతికాంటకు కట్టి తూసింది, ఎక్కుమన్నది. కింది మెట్లకాడ ఒక ముసలాయన ఆపిండు. ఏం మొక్కు బిడ్డా, రాళ్లు మోస్తున్నవ్ అన్నడు. గ్రాంటు అని చెప్తే ఆయనకేం తెలుస్తది? మంచుకొండ మొక్కు తాతా అన్న. నా నోటికి ఏదొస్తే అది.

ఆయన రెండు చేతులెత్తి మొక్కిండు. అంజన్న మంచుకొండల కాడికెళ్లి సంజీవని కొండను ఎత్తుకచ్చిండు గదా, గీ తల్లి ఆ తీరుగ కొండరాళ్లు మోస్తందన్నడు. అన్నోడు ఊకున్నడా? తన చేతిల ఉన్న కొబ్బరికాయ నా సంచిల ఏసిండు. మోకాళ్ల నొప్పులు తల్లీ, నా కాయ గూడ స్వామికి చేర్చు అని.

ఒక్కడేస్తే ఊర్కుంటరా? మెట్టు మెట్టుకు ఒక్కో కాయ. పిల్లలు లేనామె ఒకటి, కొడుకు దుబాయిల ఉన్నామె ఒకటి, పెండ్లి కాని పిలగాడు రెండు. గాలి సోకినోళ్లను కట్టేసి తీసుకచ్చెటోళ్లు సుత, గీమెకు ఏదో పెద్దదే సోకింది అని నాకు తోవ ఇడిసిండ్రు. కోతులు సంచి వెంబడి వడ్డయి. నేను వద్దంటె సాలు, మొక్కుల ఉన్నామె గట్లనే వద్దంటది, మీరు ఏయ్యుండ్రి అంటున్నరు. మెడనరాలు గుంజుతున్నయి, కండ్లల్లకు చెమట, నాకు నవ్వు ఆగుతలేదు. నవ్వుకుంట ఎక్కుతుంటే పూనకమని ఇంకిద్దరు పసుపు చల్లిండ్రు.

మేడం నాకంటె ముందుగాల మీదికి పోయి నిలవడ్డది, ఆమెకు ఇదేం తెల్వదు. సంచి అందుకొని కాంటకు కట్టింది. కింద తూసినప్పటికంటె ఎక్కువ అచ్చింది. ముల్లు చూసింది, నన్ను చూసింది, కాంటను కొట్టి చూసింది. మల్ల తూసినా అంతే. లోకంల ఎక్కెటోళ్లంత నడిమిట్ల రాళ్లు పారేస్తరట, పెంచుకచ్చినదాన్ని నిన్నే చూస్తున్న అన్నది. సంచి ఇప్పి చూస్తే కొబ్బరికాయలు. ఇవేందని ఇంగ్లీషుల అడిగింది. ప్రమీల ఇంక సగం మెట్లకాడనే రొప్పుతంది, చెప్పేటోళ్లు లేరు. నాకు చదివిన ఇంగ్లీషంత మాయమైంది. ఒక్కటే మాట అచ్చింది. "ఎక్స్‌ట్రా" అన్న.

మేడం నా చెయ్యి పట్టుకొని ఊపిన ఊపుడుకు గాజులు రెండు పగిలినయి.

నీ గోడ మీద కొబ్బరిచిప్ప ఎవలు వెట్టిండ్రనుకున్నవ్ ఆనాడు? కోతి వెట్టిందనుకున్నవా? మొక్కులోళ్ల కాయలు అన్ని స్వామికి కొట్టే వచ్చిన, ఎవలిదీ మిగలవెట్టలే. నీ పేరు మీద ఒకటి నేను కొన్న.

తర్వాత ఉన్ని లాగు కుట్టియ్యాలెనన్నరు. జగిత్యాలల కుట్టిస్తే దొరకు చేరుతదని కోరుట్ల పోయి వెంకటి అని ఒక దర్జీకి ఇచ్చిన. మా తమ్మునికి అన్న. దారంతోటి కొలిచిన కొలత ముంగట వెడితే, ఆయన ఆ దారాన్ని అటు చూసి ఇటు చూసి, "తమ్ముడు బాగనే తింటడమ్మా" అన్నడు. ఇంటికచ్చి గొళ్లెం ఏసి తొడుక్కున్న. రెండు కాళ్లు దేనికది ఉన్నయి సాయవ్వా, ఎటువడితే అటు పోతున్నయి. మంచం మీద కూసొని నోట్ల కొంగు కుక్కుకొని నవ్విన.

మా ఆయనకు ఎట్ల చెప్పిన అంటవా? మంచి టైం చూసి చెప్పిన. మంగలి ఇంటికి రాలేదని ఆయన పంతం వట్టి గడ్డం పెంచిండు గదా. మల్యాల దిక్కు పోతుంటే పోలీసులు జీపు ఆపి, ఎవడ్రా నువ్వు, ఏ దళంరా అని దించిండ్రట. నర్సింగ్ రావు దొరను. ఆనాడు ఇంటికచ్చి గోడకు మొకం వెట్టుకొని పండుకున్నడు. నేను అప్పుడే ఢిల్లోళ్ల కాయితం ఆయన పక్కన వెట్టి, మంచుకొండలకు పోత అన్న. ఆయన మల్లకుండనే అన్నడు, పో, పరువు పోయినంక ఇంక పోయేటిదేమున్నదని. గదే నాకు ఇచ్చిన సెలవు. తాంబూలం ఇచ్చినా గంత సంబురం కాకపోవు.

మొన్నటిదాంక గట్లనే ఉన్నది. నిన్న రాజీ మాట చెవుల వడ్డదో లేదో, జగిత్యాల పోయి గడ్డం తీయించుకచ్చిండు. నున్నగ అచ్చి కుర్సీల కూసొని, "ఇగ నువ్వు దర్వాజ దాటే పని లేదు. ఎల్లుండి సంది పనోళ్లు అస్తరు. ఆ ఢిల్లోళ్లకు రానని రాసి పడెయ్" అన్నడు. గడ్డం పోయేసరికి పరువు అచ్చింది. పరువు అచ్చేసరికి నేను లోపలికి పోవాలె.

అర్థమైందా సాయవ్వా? రాజీ అయితే నీళ్లు నా కాళ్ల కాడికి అస్తయి, నేను నీళ్ల కాడికి పోను. మీకు బందు శిక్ష అనుకోని వెట్టిండ్రు. మీ దయవల్ల ఏడాదిన్నర నేను మనిషి లెక్క తిరిగిన. పదిహేను రోజులు, గంతే. రైలెక్కినంక ఆయన గడ్డం పెంచుకున్నా తీసుకున్నా నాకేంది?

ఏంది, చేతులు ఆపినవ్?

నీ నెత్తి ఎందుకు చూపెడుతున్నవ్? ఎర్కే. నడినెత్తిన వెంట్రుక లేదు నీకు, మా గడి బిందెలకు అరిగిపోయింది. ఏడాదిన్నర మోసినందుకు నాకు గ్రాంటు, ఇరవై ఏండ్లు మోసినదానికి ఏమిచ్చిండ్రు అనే గదా? ప్రమీలను నేనూ అడిగిన. ఆమె ఏమన్నదో తెల్సా, నీ అసుంటోళ్లు మోస్తే దాన్ని పని అంటరు, నా అసుంటోళ్లు మోస్తే సాహసం అంటరు అన్నది.

అది కాదా. మరేంది? గా మూల ఎందుకు చూపెడుతున్నవ్... నీ కొడుకు జలపతి మంచమా అది. ఖాళీగున్నది.

అవును. బందు వెట్టినంక ఊర్లె క్యాంపు ఏసిన పోలీసులు పిలగాన్ని పట్టుకపోయి నాలుగు రోజులు ఉంచుకున్నరు. ఇడిసినంక గూడ ఇంట్ల పండుకుంటలేడు, చేన్లల్ల పండుకుంటుండు. బందు ఉన్నన్నాళ్లు క్యాంపు ఉంటది. క్యాంపు ఉన్నన్నాళ్లు నీ కొడుకు ఇంటికి రాడు. నేను పదిహేను రోజులని ఏండ్ల సంది ఎదురుచూసినట్టు లెక్కవెట్టుకుంట అచ్చిన గని, ఆ రోజులు ఎవలి ఇంట్లకెళ్లి తీస్తున్ననో సోచాయించలే.

సరే. ఉంచకుండ్రి. రేపే ఎత్తేయ్యుండ్రి. జలపతి రేపు రాత్రి ఇంట్లనే పండనీ. నేనన్న మాట మరిచిపో.

ఆగు. ఒకటి తడుతంది నాకు. ఆగు, ఆగు, నవ్వకముందు ఇను. రాజీ అంటే మీ షరతులు మా ఆయన ఒప్పుకోవాలె గదా? బంజరు భూమి ఇడిసివెట్టాలె, వెట్టి చేయించుకోవద్దు, నలుగురిల తప్పయిందనాలె. వకీలు చదువుతుంటే ఇన్న. అందుల ఇంకొక్క షరతు కలుపుండ్రి. ఏమంటే, దొర్సాని నీళ్లు దొర్సానే తెచ్చుకోవాలె. దొర్సాని కట్టెలు దొర్సానే కొట్టుకోవాలె. ఎన్నడూ దర్వాజ మూయద్దు. అన్నిటికంటె మీదికెళ్లి, శిక్ష కింద, దొర్సానిని మంచుకొండలకు పంపాలె. పోయి ఊడిసి రావాలె. శిక్ష అంటే మా ఆయన కాదనడు, నలుగురిల సంతకం వెట్టినంక ఎట్ల కాదంటడు? ఇన్నావ్ గదా, ఏ ఊరి దొరకు పడనంత శిక్ష. దేవయ్య గొంతు పెంచి చదవాలె, జనం చప్పట్లు కొట్టాలె, నేను ఏడుస్తున్నట్టు కొంగు అడ్డం వెట్టుకొని నవ్వాలె.

మంచిగున్నది గదా? రేపు నువ్వు లేసి చెప్పు. దేవయ్య మరిచినా నువ్వు మరువకు.

ఆఁ? ఏమన్నవ్?

మాట్లాడినవ్ సాయవ్వా. ఏడాదిన్నరకు నోరిప్పినవ్. జుర్మానా అయితే అయింది. మల్ల చెప్పు, నీ గొంతు ఇనుటానికే అయిపోయింది నాకు, మాట పట్టలే.

"నేను ఎక్కడ మాట్లాడుత" అంటున్నవా? ఎందుకు మాట్లాడవు? ఆడోళ్లు ఎనుక గోడ పొంటి కూసుంటరా. మాట్లాడేది దేవయ్య, ఇంకిద్దరు మొగోళ్లు. నేను సంఘమంటే మీరంత ఒక్కటే అనుకున్న. గడిల నేను తలుపు సాటుకు, సంఘంల నువ్వు గోడ పొంటి. అయితే ఇద్దరం ఇనుడే అన్నట్టు.

మరి ఆడోళ్ల కూలి? నాటుకు మొగోనికి ఎంతో ఆడదానికంతే అని మీరు పట్టువట్టిండ్రు గదా. గుట్ట మీదికెళ్లి ఇన్న నేను మీ పాటలు. షరతులల్ల అది నాకు ఇనవళ్లే, వకీలు తప్పిడిసిండనుకున్న. తీసేసిండ్రా? రాజీ చెడిపోతది, అది తర్వాత చూద్దామన్నరా? ఎవలన్నరు? దేవయ్యనేనా?

సరే. నాకు నవ్వు వస్తలేదు ఇప్పుడు.

నేను రేపు బడి కాడికి అస్త. గడి దొర్సాని పంచాయితి కాడికి ఎన్నడన్న అచ్చిందా? రాలే. అస్త. నీ పక్కన జాగ ఉంచు. కింద్నే, గోడ పొంటి. వాళ్లు షరతులు చదువుడు అయిపోయినంక లేద్దాం. నువ్వు కూలి సంగతి చెప్పు, నేను నా సంగతి చెప్త. ముందుగాల నన్ను లెమ్మంటున్నవా? నువ్వే లే, సంఘం మీది. మొగడు నాది గనక నేనే లేవాలె అంటవా. గదీ నిజమే. నేను లేస్తే నువ్వు లేస్తవా? కొడుకు మీద ఒట్టా? ఒట్టు వద్దు తియ్యి, నీ మాట సాలు.

ఒక్కటి చెప్త, ఎవలికి అనకు. పద్దెనిమిది వేల అడుగుల కొండంటె నాకు భయం లేదు. మంచుకు కాలివేళ్లు రాలిపోతయని మేడం చెప్పింది, దానికి గూడ భయం లేదు. రేపు ఆ బడి వాకిట్ల లేసి నర్సింగ్ రావు మొకం దిక్కు చూసి "నేను పోత" అని ఆ రెండు మాటలు అనాలంటె, నాకు చాతనైతదో కాదో. బందు ఉంచుమని నీ కాళ్లకాడికి ఎందుకచ్చిన అనుకున్నవ్? ఉంటే ఆ మాట అనుడు తప్పుతదని అచ్చిన.

పొద్దు దిగుతంది. నేను కనవడకపోతే ఆయన అడుగుతడు, పోవాలె. అబ్బ, కూసున్నదాన్ని లేవస్తలేదు సాయవ్వా. చెయ్యియ్యి జర.